నాయిన చార్మినార్, అమ్మ ఆయాసం

పాన్ డబ్బా పక్కన కొబ్బరి తాడు ఒకటి వేలాడుతుండేది. దాని కొసన ఎప్పుడూ నిప్పు రగులుతుండేది. సిగరెట్ కొన్నవాళ్లు వంగి ఆ తాడు అందుకుని ముట్టించుకునేవాళ్లు. హైదరాబాద్ పాతబస్తీ శాలిబండలో మా గల్లీ మొదట్లో, బడి గోడకు ఆనుకుని ఉండేది ఆ డబ్బా. ఏడెనిమిదేళ్ల వయసులో నన్ను ఒక్కదాన్నే పంపే దుకాణం అదొక్కటే.

"బిడ్డా, చార్మినార్ డబ్బి పట్కరా" అని నాయిన చిల్లర చేతిలో పెడితే ఉరికేదాన్ని. డబ్బాలో కూర్చునే తాత సిగరెట్ పెట్టె ఇచ్చి, మిగిలిన పైసలకు ఒక పిప్పరమెంటు ఇచ్చేవాడు. ఆడపిల్ల సిగరెట్లకు రావడమేంటని ఎవరూ అడగలేదు. గల్లీలో పిల్లలందరం మా మా నాయినలకో తాతలకో తెచ్చిపెట్టేవాళ్లమే. ఇప్పుడైతే పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మినా నేరమే, బడికి వంద గజాల లోపల అమ్మినా నేరమే. అప్పటికి ఆ చట్టం పుట్టలేదు.

పెట్టె ఖాళీ అయ్యాక కూడా పారేసేవాళ్లం కాదు. లోపలి వెండి కాగితం నా పుస్తకాల్లోకి పోయేది, అట్ట అమ్మ సామాన్ల లెక్కకు పనికొచ్చేది. పెట్టె మీద చార్మినార్ బొమ్మ. డాబా ఎక్కితే అసలు చార్మినార్. తెలిసీ తెలియని వయసులో ఆ రెండూ మా నాయినవే అనుకున్నాను.

అమ్మకు ఆయాసం. చలికాలం వచ్చిందంటే రాత్రిళ్లు పడుకోలేకపోయేది. గోడకు ఒరిగి కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని ఊపిరి లాగుతుంటే, ఛాతీలోంచి పిల్లికూతలు మా పక్కల దాకా వినపడేవి. మృగశిర కార్తె నాడు మాకు నడిచిపోయేంత దూరంలోనే, దూద్‌బౌలిలో, బత్తిని వాళ్లు చేప మందు ఇచ్చేవాళ్లు. ఎక్కడెక్కడి నుంచో జనం దిగేవాళ్లు. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపు పచ్చటి మందు ముద్ద పెట్టి గొంతులోకి జారవిడిచేవాళ్లు. అమ్మ అంతసేపు నిలబడలేదని నాయిన రాత్రంతా లైన్లో ఉండి, తెల్లవారుజామున వచ్చి ఆమెను తీసుకుపోయి తన జాగాలో నిలబెట్టేవాడు. ఒక ఏడు నన్ను కూడా తీసుకుపోయారు. నాయిన ఒక చేతిలో కొర్రమీను ఉన్న నీళ్ల కవరు, ఇంకో చేతిలో సిగరెట్. ఆ లైన్లో చాలామంది మగవాళ్ల చేతుల్లో అదే ఉంది.

అమ్మ మీద ప్రేమ లేక కాదు. ప్రేమ లేని మనిషి రాత్రంతా నిలబడడు. తన చేతిలో పొగకూ పెళ్లాం ఛాతీలో కూతకూ సంబంధం ఉందని ఆయనకు తోచలేదు, అంతే. మా చుట్టుపక్కల ఎవరికీ తోచలేదు. అమ్మను చూసే డాక్టరు కూడా దుమ్ముకు పోవద్దు, పులుపు తినొద్దు, చల్లటి నీళ్లు పోసుకోవద్దు అని చెప్పేవాడు గానీ, ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా అని అడిగినట్టు నాకు గుర్తులేదు.

ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునే వయసు వచ్చాక ఒకసారి పెట్టె మీద ఉన్నది గట్టిగా చదివాను. సిగరెట్ స్మోకింగ్ ఈజ్ ఇంజూరియస్ టు హెల్త్. 1975లో చేసిన చట్టం వల్ల ప్రతి పెట్టె మీదా ఆ మాట వేయాల్సి వచ్చిందని చాలా ఏళ్లకు తెలిసింది. అప్పుడు మాత్రం ఇంజూరియస్ అంటే ఏమిటో తెలియక టీచరమ్మను అడిగి, ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతోంది. "ఎవ్వరికి మంచిది కాదంట? తాగేటోనికా, పక్కన ఉన్నోళ్లకా?" అని అడిగింది. పెట్టె అటూ ఇటూ తిప్పి చూశాను. దాని మీద అంతకంటే ఏమీ రాసిలేదు.

కర్ఫ్యూ అన్న మాట పాతబస్తీలో పెరిగిన పిల్లలకు కొత్త కాదు. ఏదో ఒక ఊరేగింపు నాడు ఎక్కడో గొడవ మొదలయ్యేది. పోలీసు జీపు మైకులో చెప్పుకుంటూ పోయేది. "కర్ఫ్యూ లగ్‌గయా" అని గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు మాట పాకేది. షట్టర్లు దడదడా పడేవి. ఆడవాళ్లు పాలకూ పిండికీ ఉరికితే, మగవాళ్లు ముందు పాన్ డబ్బాకు ఉరికేవాళ్లు. గంటలో గల్లీ నిర్మానుష్యమైపోయేది.

1990 డిసెంబరు మాత్రం అట్లాంటిది కాదు. ఆ మత అల్లర్లలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ నెలలోనే ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి దిగిపోయారు, నేదురుమల్లి జనార్దనరెడ్డి వచ్చారు. ఇవన్నీ తర్వాత చదివి తెలుసుకున్నవి. అప్పుడు నాకు పన్నెండేళ్లు. నాకు తెలిసిన కర్ఫ్యూ ఒక గది.

మొదటి రోజు నాయిన నాంపల్లిలో ఆఫీసులోనే చిక్కుకుపోయాడు. మాకు ఫోన్ లేదు. మూసీ మీది నయాపూల్ వంతెన దాటనియ్యడం లేదని ఎవరో చెప్పారు. ఆ రాత్రి అమ్మ తలుపు వెనకాలే కూర్చుంది, దీపం కూడా పెట్టలేదు. తమ్ముడు నిద్రలో దగ్గితే వాడి నోరు చేత్తో మూసింది. మర్నాడు సాయంత్రం పాసు ఉన్న ఆఫీసు జీపు ఒకటి ఇటు వస్తుంటే నాయిన అందులో ఎక్కి, మొగల్‌పురా దగ్గర దిగి, గోడల వెంబడి నడుచుకుంటూ ఇల్లు చేరాడు. సంచిలో రెండు బ్రెడ్లు, ఆలుగడ్డలు, నాలుగు చార్మినార్ పెట్టెలు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ సిగరెట్ పెట్టెలు చూసి కూడా నవ్విందే గానీ ఏమీ అనలేదు. మనిషి వచ్చాడు, అది చాలు.

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో చెప్పాలంటే ముందు మా ఇల్లు చెప్పాలి. రెండు గదులు. గల్లీ వైపు గదికి ఒకే కిటికీ. రాయి పడుతుందనో తూటా పడుతుందనో ఆ కిటికీ మూసి, లోపలి నుంచి దుప్పటి కట్టారు. వెనక గదిలో కిరోసిన్ స్టవ్. నాయిన బయటికి పోవడానికి లేదు. ఆఫీసు లేదు, ఇరానీ హోటల్ లేదు, గల్లీ మొదట్లో నలుగురు దోస్తులు లేరు. రేడియో, మేము, సిగరెట్. మామూలు రోజుల్లో ఇంట్లో మూడో నాలుగో తాగే మనిషి. అప్పుడు రోజంతా తాగినవి ఆ గదిలోనే. భయం ఆయనకు కూడా ఉంది. ఒకటి ఆర్పగానే ఇంకొకటి ముట్టించేవాడు. గది మధ్యన పొగ తెరలాగా నిలబడి ఉండేది, దాని కిందుగా మేం వంగి తిరిగేవాళ్లం.

నాలుగో రాత్రి అమ్మకు ఆయాసం ఎక్కువైంది. అంతకుముందు ఎన్నోసార్లు చూశాం గానీ అట్లా ఎప్పుడూ లేదు. పెదవులు నల్లబడ్డాయి. మాట రావడం లేదు, చేత్తో సైగ చేస్తోంది. డెరిఫిల్లిన్ గోలీలు అంతకు ముందు రోజే అయిపోయాయి. ఉస్మానియా దవాఖాన మా ఇంటికి మూడు కిలోమీటర్లు ఉంటుందేమో. నాయిన చెప్పులు వేసుకుని గడియ తీయబోతే, అమ్మ ఊపిరి అందకుండానే వచ్చి ఆయన చొక్కా వెనక నుంచి పట్టుకుంది. వదల్లేదు. కిందటి రోజే ఇట్లాగే మందుకని బయటికి పోయినవాళ్ల సంగతి గల్లీలో చెప్పుకున్నారు.

నాయిన డాబా మీదికి పోయి, గోడ మీద నుంచి పక్కింటి ఖాలాను పిలిచాడు. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. గట్టిగా పిలవడానికి లేదు. చిన్న గులకరాళ్లు వాళ్ల రేకుల మీద వేశాడు. ఖాలా నిద్ర కళ్లతో వచ్చింది, సంగతి విన్నది, మారు మాట్లాడకుండా పిట్టగోడ దాటి మా ఇంట్లోకి దిగింది. యాభై దాటిన మనిషి, బొద్దుగా ఉండేది. ఆమెను పిట్టగోడ ఎక్కగా చూడటం అదే మొదటిసారి. గదిలో అడుగు పెట్టగానే ముక్కు మీద దుపట్టా కప్పుకుంది. నేరుగా కిటికీ దగ్గరికి పోయి దుప్పటి లాగేసి రెక్కలు రెండూ తెరిచింది. మేమంతా బిగుసుకుపోయాం. నాలుగు రోజుల తర్వాత ఆ గదిలోకి గాలి వచ్చింది.

"ధువా బంద్ కరో భై. ఇన్కా దమ్ ఘుట్‌రా" అంది నాయిన వైపు తిరిగి. పొగ ఆపు తమ్ముడూ, ఆమెకు ఊపిరాడటం లేదు.

మా ఇంట్లో ఆ మాట అన్న మొదటి మనిషి ఖాలా. నాయిన చేతిలోది నేల మీద నలిపేశాడు. ఖాలా తెల్లారేదాకా అమ్మ వీపు రుద్దుతూ, గోరువెచ్చటి నీళ్లు గుక్క గుక్కగా తాగిస్తూ కూర్చుంది. వాళ్ల పెద్దకొడుకు ఉస్మానియాలో పనిచేసేవాడు. మేము భయ్యా అనేవాళ్లం. దవాఖాన మనిషి కాబట్టి ఆయనకు కర్ఫ్యూ పాసు ఉండేది. పొద్దున డ్యూటీకి పోతూ మందుల చీటీ జేబులో పెట్టుకుపోయాడు, సాయంత్రం గోలీలు తెచ్చిచ్చాడు. దారిలో నాలుగు చోట్ల ఆపారట. పైసలు తీసుకోలేదు. తర్వాత ఇస్తానన్నా తీసుకోలేదు.

రెండు రోజులు నాయిన సిగరెట్ ముట్టలేదు. మూడో రోజు కర్ఫ్యూలో రెండు గంటలు ఢీల్ ఇచ్చారు. సడలింపు అని పేపర్లో రాసేవాళ్లు, మా గల్లీలో అందరూ ఢీల్ అనేవాళ్లు. పాలు, కూరగాయలతో పాటు నాయిన మళ్లీ పెట్టెలు తెచ్చుకున్నాడు. మెట్ల మీద కూర్చుని తాగాడు. కర్ఫ్యూ ఎత్తేశాక నెమ్మదిగా మళ్లీ గదిలోకే వచ్చేశాడు. మేమూ ఏమీ అనలేదు. భయం పోగానే ఆ రాత్రి నేర్పిన పాఠం కూడా పోయింది.

1991 ఎండాకాలంలో రాంనగర్‌కు మారాం. మాలాగే ఎన్నో కుటుంబాలు ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు మారిపోయిన ఏడాది అది. సామాను లారీకి ఎక్కిస్తుంటే ఖాలా తన ఊలు శాలువా తెచ్చి అమ్మ భుజాల మీద కప్పింది. మే నెల ఎండలో అమ్మ ఆ శాలువా తీయకుండానే లారీ ముందు సీట్లో కూర్చుంది.

రాంనగర్‌లో మా ఇంటికి దగ్గర్లోనే అజామాబాద్. అక్కడ వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ, చార్మినార్ సిగరెట్లు తయారయ్యే చోటు. గాలి అటు నుంచి వీస్తే పచ్చి పొగాకు వాసన వచ్చేది, కొంచెం తియ్యగా, కొంచెం మగ్గిన గడ్డిలాగా. మా వీధిలో ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు. వాళ్లల్లో ఒకాయన నాయినకు మంచి దోస్తు. ఫ్యాక్టరీలో జీతం బాగుండేది, పిల్లలిద్దరినీ చదివించాడు. ఆయన ముందు ఎవరూ సిగరెట్టును తిట్టేవాళ్లు కాదు, నేను కూడా.

సిటీ బస్సుల్లో డ్రైవరు వెనక "పొగ త్రాగరాదు" అని రాసి ఉండేది. బడికి పోయే పిల్లలకు త, ర వత్తు నేర్పడానికి పనికొచ్చేది ఆ బోర్డు, అంతకుమించి దాన్ని పట్టించుకున్నవాళ్లను నేను చూడలేదు. వెనక సీట్లలో తాగుతూనే ఉండేవాళ్లు. అమ్మ ముందు సీట్లో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చునేది. సినిమా హాల్లో ప్రొజెక్టరు వెలుగులో పొగ మెలికలు తిరుగుతూ కనిపించేది. ఆర్టీసీ క్రాస్ రోడ్డు అంటే హాళ్లకు పెట్టింది పేరు, మేమేమో దాని పక్కనే ఉండి కూడా అమ్మతో కలిసి చూసిన సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంటర్వెల్‌కే లేచి వచ్చేసేది.

2001 నవంబరు 2న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ముంబైకి చెందిన మురళీ దేవరా వేసిన కేసులో. దవాఖానలు, బడులు, కోర్టులు, ఆఫీసులు, బస్సులు, రైళ్లలో పొగ తాగొద్దని. పేపర్లో చదివి అమ్మకు వినిపించాను. "మల్ల సదువు" అంది. మళ్లీ చదివాను. "ఎవరో నా సంగతి పోయి జడ్జీకి చెప్పినట్టే ఉన్నది" అంది. నాయిన అప్పటికి ఇంకా నౌకరీలో ఉన్నాడు. బల్లల మీది యాష్‌ట్రేలు తీసేశారని, అందరూ వరండాలోకి పోయి తాగుతున్నారని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. అదేదో వాన వస్తే లోపలికి వచ్చినట్టు, మామూలుగా చెప్పాడు.

అసలు గట్టి దెబ్బ 2008 అక్టోబరు 2, గాంధీ జయంతి నాడు. 2003లోనే చట్టం చేశారు గానీ, ఆ రోజు నుంచి దేశమంతా గట్టిగా అమలు చేస్తామన్నారు. అప్పుడు కేంద్ర ఆరోగ్య మంత్రి అన్బుమణి రామదాస్. నలుగురు తిరిగే చోట తాగితే 200 రూపాయల జుర్మానా. హోటళ్ల గుమ్మం దగ్గర బోర్డు పెట్టాలి. ముప్ఫై, అంతకు పైన సీట్లు ఉన్న హోటలైతే పొగ తాగేవాళ్లకు వేరే గది కట్టుకోవచ్చు. మామూలు ఇరానీ హోటల్‌కు వేరే గది ఎక్కడిది?

నాయిన రిటైరై నాలుగేళ్లు. రోజూ సాయంత్రం ఐదుగురు పెన్షనర్లు క్రాస్ రోడ్డు దగ్గర ఇరానీ హోటల్లో కలిసేవాళ్లు. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు, సిగరెట్, రెండు గంటల ముచ్చట. ఆ టేబుల్ వాళ్లకు రెండో ఇల్లు. అక్టోబరు మూడో తారీఖు సాయంత్రం నాయిన అరగంటలో ఇంటికి వచ్చేశాడట. చాయ్ తాగి, సిగరెట్ కోసం బయటికి లేచి, రోడ్డు పక్కన నిలబడి తాగి, మళ్లీ లోపలికి పోయేసరికి ముచ్చట తెగిపోయిందట.

ఆ ఐదుగురూ ఐదు రకాలుగా అన్నారు. పన్నులు మన దగ్గర గుంజుతరు, తాగొద్దని మనకే చెప్తరు అన్నాడొకాయన. తాగొద్దంటే ఫ్యాక్టరీనే మూసెయ్యొచ్చు కదా అని ఇంకొకాయన. ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మా వీధి ఆయన మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. "మూసేస్తే మా పిలగాళ్ల లెక్క సదువుకునెటోళ్లు ఎంతమంది ఆగిపోతరో" అని మాత్రం అన్నాడట. ఒకాయన ఆ వారమే మానేశాడు, నిజంగానే మానేశాడు, చివరిదాకా ముట్టలేదు. వాళ్ల మాటలన్నిట్లో కొంత నిజం ఉంది. పన్ను సంగతి ఇప్పటికీ నాకు కూడా జవాబు దొరకని ప్రశ్న.

కానీ ఇంట్లో జరిగింది వేరు. బయట తాగే జాగా తగ్గేసరికి నాయిన ఇంట్లో తాగడం పెరిగింది. హోటల్లో తాగే నాలుగూ ఇప్పుడు టీవీ ముందు తాగుతున్నాడు. ఆ ఏడు దసరా గాంధీ జయంతి తర్వాత వారానికే వచ్చింది. నేను కూకట్‌పల్లి నుంచి బాబును తీసుకుని వచ్చాను. వాడికి అప్పుడు రెండేళ్లు. పండగ రాత్రి తిన్నాక నాయిన కుర్చీలో కూర్చుని ముట్టించాడు. అమ్మ గిన్నెలు సర్దుతూ, ఆయన వైపు చూడకుండానే అడిగింది.

"బయట మందికి పొగ తగలొద్దని సర్కారు జుర్మానా పెట్టింది. ఇంట్ల ఉన్నదాన్ని నేను మందిల లెక్కకు రానా?"

గొంతు పెంచలేదు. ముప్ఫై ఏళ్లకు పైగా కాపురంలో ఆ మాట అడగడానికి ఆమెకు ఒక సర్కారు ఆర్డరు ఆసరా కావలసి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, బాబు నా ఒళ్లో ఉన్నాడు. నాయిన జవాబు చెప్పలేదు. సిగరెట్ ఆర్పలేదు కూడా. లేచి, ప్లాస్టిక్ కుర్చీ చేత్తో పట్టుకుని, డాబా మెట్లు ఎక్కాడు.

ఆ కుర్చీ మళ్లీ కిందికి రాలేదు. పన్నెండేళ్లు అక్కడే ఉంది. పక్కన ఇసుక పోసిన పాత డాల్డా డబ్బా, ముక్కలు ఆర్పడానికి. వానలో గొడుగు పట్టుకుని కూడా అక్కడికే పోయేవాడు. ఇంట్లో పొగ ఆగింది. అమ్మకు పీల్చే పంపు వాడకం తగ్గింది. బాబు ఎన్ని సెలవులు అక్కడ గడిపినా తాతయ్య సిగరెట్ తాగడం దగ్గర్నుంచి చూడలేదు. దానికి ప్రతిగా అమ్మ సాయంత్రాలు డాబా ఎక్కడం మానేసింది. బట్టలు ఆరేయడానికి పొద్దున పోయేది, పొద్దు వాలితే అది నాయిన జాగా.

2009 మే 31 నుంచి పెట్టెల మీద రోగాల బొమ్మలు వచ్చాయి, 2016 ఏప్రిల్ నుంచి పెట్టె ముందూ వెనకా నూటికి 85 వంతులు ఆ బొమ్మా, హెచ్చరికా. నాయిన పెట్టె జేబులో ఉన్నప్పుడు కూడా బొమ్మ లోపలి వైపుకు తిప్పి పెట్టుకునేవాడు. మానడం మాత్రం జరగలేదు. నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు.

2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్టాండు (జేబీఎస్) నుంచి మహాత్మాగాంధీ బస్టాండు (ఎంజీబీఎస్) దాకా మెట్రో మొదలైంది. అమ్మ, నాయిన ఆర్టీసీ క్రాస్ రోడ్స్ స్టేషన్లో ఎక్కి ఎంజీబీఎస్ దాకా పోయి వచ్చారు. పాతబస్తీలోకి లైను ఇంకా పడలేదు, పడ్డాక శాలిబండకు పోదామని అమ్మ అంది. రైలంతా శుభ్రంగా ఉందని, ఎక్కడా పొగ వాసన లేదని ఫోన్లో మూడుసార్లు చెప్పింది. ఆరు వారాలకే ఆ రైళ్లు ఆగిపోయాయి.

మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. మన దగ్గర ఇరవై నాలుగు గంటలు ఉండమన్నారు. తర్వాత లాక్‌డౌన్. సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఆరు దాకా కర్ఫ్యూ. సామానుకు ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు దాటొద్దన్నారు, దాటిన బండ్లను కెమెరాలు పట్టేవి. ఇదేం కర్ఫ్యూ అమ్మా, మనం చూసిన కర్ఫ్యూలా లేదు అంటే, అమ్మ "అప్పుడు మనిషిని చూస్తే భయం, ఇప్పుడు మనిషి దగ్గితే భయం" అంది. ఆయాసం ఉన్న మనిషి. ఎవరి ముందైనా దగ్గు వస్తే ఏమనుకుంటారోనని తలుపు వేసుకునేది. హాస్టళ్లు మూసి పంపించేస్తే ఊళ్లకు బయల్దేరిన పిల్లలు ఆంధ్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటలకు గంటలు ఆగిపోయిన దృశ్యం టీవీలో చూసి ఇద్దరూ ఆ రోజు అన్నం సరిగా తినలేదట. నయాపూల్ ఇవతల ఆగిపోయిన రాత్రి నాయినకు గుర్తొచ్చి ఉంటుంది.

నేను కూకట్‌పల్లిలో, వాళ్లు రాంనగర్‌లో. మూడు కిలోమీటర్ల లెక్కలో మేము వేరే దేశం. రోజూ ఫోనే.

పాన్ డబ్బాలన్నీ బంద్. కిరాణా కొట్లలో చాటుగా అమ్మేవాళ్లు, రెట్టింపు ధరకు. ఏప్రిల్ 15న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుల్లో మద్యం, గుట్కా, పొగాకు అమ్మొద్దని రాశారు. నాయిన దగ్గరున్నవి మార్చి ఆఖరుకే అయిపోవస్తే, ఒక్కో సిగరెట్టును సగం తాగి ఆర్పి, మిగతాది దాచుకుని నడిపాడు. తర్వాత అదీ లేదు. మొదటి వారం చాలా కష్టపడ్డాడు. నిద్ర లేదు, ఊరికే విసుక్కునేవాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అమ్మ లవంగాలు, సోంపు చిన్న డబ్బాలో పోసి ఇచ్చింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. నాకు భయమేసింది.

ఒక రాత్రి అమ్మ పడుకున్నాక నాయిన ఫోన్ చేశాడు. "బిడ్డా, ఒక్క డబ్బి యాడన్న దొరుకుతదేమో జెర అల్లున్ని చూడమను. మీ అమ్మకు చెప్పకు." చిన్నప్పుడు "పట్కరా" అన్న గొంతు కాదది. అడుక్కున్నట్టు ఉంది.

మా అపార్ట్‌మెంట్ వెనకాల ఒకతని దగ్గర ఉన్నాయని మాకు తెలుసు. మందులకని పాసు అడిగి తెచ్చుకుని, ఆ సంచిలో పెట్టి తీసుకుపోవచ్చు కూడా. మా ఆయన పోతానన్నాడు. నేను వద్దన్నాను. మర్నాడు నాయినకు ఫోన్ చేసి, ఎక్కడా దొరకలేదని చెప్పాను. "సరేలే బిడ్డా, పరవాలేదు" అన్నాడు. ఆ రాత్రి ఖాలా కొడుకు గుర్తొచ్చాడు. చీటీ జేబులో పెట్టుకుని, నాలుగు చోట్ల ఆపినా ఆగకుండా, గోలీలు తెచ్చిన మనిషి. నేనేమో ఆపేవాళ్లు లేకపోయినా ఆగిపోయాను. అమ్మ ఊపిరి కోసమే చేశాను, మళ్లీ అట్లాంటి రోజు వస్తే మళ్లీ అదే చేస్తాను. అయినా నాయినకు అబద్ధం చెప్పిన ఆ ఒక్క మాట ఇప్పటికీ గొంతులో ఉంది. ఇక్కడ రాస్తున్నాను, ఆయనకు ఇంకా చెప్పలేదు.

పొగ లేకపోయినా, సాయంత్రం కాగానే నాయిన డాబా ఎక్కేవాడట. పన్నెండేళ్ల అలవాటు, కాళ్లు అటే పోయేవి. ఊరికే కుర్చీలో కూర్చునేవాడు. ఏప్రిల్ నడుమ ఒక రోజు అమ్మ వెనకాలే ఎక్కింది, చాయ్ పట్టుకుని. ఆయనకేమన్నా అవుతుందేమో చూద్దామని పోయాను అని నాతో అంది. పైన పొగ లేదు. బండ్లు తిరగక గాలి తేటగా ఉంది. కింద రోడ్డు మీద ఒక్క హారన్ లేదు. అమ్మ పిట్టగోడకు ఆనుకుని చాయ్ తాగింది. మర్నాడు మళ్లీ పోయింది. నాలుగో రోజు నాయిన కింది నుంచి ఇంకో కుర్చీ పైకి మోసుకుపోయాడు.

మే నెల మూడో వారంలో ఆటోలు, క్యాబులు తిరగనిచ్చారు. నేను స్కూటీ మీద రాంనగర్ పోయాను, రెండు నెలల తర్వాత. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. పైనుంచి మాటలు వినపడుతున్నాయి. మెట్లెక్కి చూస్తే, తెల్ల గుడ్డ మీద మామిడి ముక్కలు ఎండుతున్నాయి. రెండు కుర్చీల్లో ఇద్దరూ కూర్చుని, శాలిబండ గల్లీలో ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లు ఉండేదో వరసగా చెప్పుకుంటున్నారు. ఒకచోట లెక్క కుదరక వాదించుకుంటున్నారు. డాల్డా డబ్బాలో ఇసుక పోయి, మట్టి పోసి, అమ్మ తులసి మొక్క పెట్టింది.

దుకాణాలు తెరిచాక నాయిన మళ్లీ మొదలుపెట్టాడు. మానేశాడని రాయాలని నాకెంతో ఉంది, కానీ మానలేదు. మొదటిరోజు పెట్టె తెచ్చుకుని డాబా ఎక్కితే, అమ్మ అప్పటికే తన కుర్చీలో కూర్చుని ఉందట. కాసేపు నిలబడ్డాడట. పెట్టె జేబులోంచి తీయలేదట. మెట్లు దిగి, గేటు తీసుకుని, గల్లీ చివర కరెంటు స్తంభం దగ్గరికి పోయి తాగి, మొహం కడుక్కుని పైకి వచ్చాడట. ఇప్పటికీ రోజుకు రెండు, అక్కడే. మోకాళ్ల నొప్పులతో ఆ దూరం నడవడానికి చాలాసేపు పడుతుంది. నేను పోయిన రోజు ఆయన గల్లీ చివర నుంచి నెమ్మదిగా వస్తుంటే, అమ్మ పైనుంచి చూస్తూ "చాయ్ సల్లారిపోతున్నది, జెల్ది రా" అని కేకేస్తుంది.